రెండున్నర అడుగుల ద్వారబంధం



జంషెడ్‌పూర్‌లోని కద్మాలో పాత ఇంటికి కొత్త బీరువా వచ్చిన రోజు జరిగే తతంగం అక్కడి తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. నలుగురు మోసుకొస్తారు. సింహద్వారం బాగానే దాటుతుంది. హాల్లోంచి పడగ్గదిలోకి వెళ్ళే తలుపు దగ్గరికొచ్చి ఆగిపోతుంది. నిలువుగా పట్టి చూస్తారు, పక్కకి వాల్చి చూస్తారు, తలుపు రెక్క ఊడదీసి చూస్తారు. అరంగుళం తక్కువ. ఆఖరికి బీరువా హాల్లోనే టీవీ పక్కన నిలబడిపోతుంది. దాని మీదకి క్రోషే గుడ్డ ఒకటి వస్తుంది. ఏడాది తిరిగేసరికి అది మొదటినుంచీ అక్కడ ఉండాల్సిన వస్తువే అనిపిస్తుంది.

బీరువాతో అలా సర్దుకుపోవచ్చు. తుంటి ఎముకకి ఆపరేషనై, వాకరు పట్టుకుని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన అత్తగారితో ఆ సర్దుబాటు కుదరదు. వాకరు నాలుగు కాళ్ళూ తలుపులో పట్టవు. ఆవిడ దాన్ని పక్కకి తిప్పి, ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, అడ్డంగా జరుగుతూ దాటుతుంది. పడితే సరిగ్గా అక్కడే పడుతుంది. లోపలి తలుపు వెడల్పు చేయిద్దామన్న మాట చాలా ఇళ్ళలో ఆ వారంలోనే పుడుతుంది. గాలి కోసమో, హాలు పెద్దదిగా కనబడాలనో చేయించేవాళ్ళూ ఉన్నారు. కారణం ఏదైనా పిలిచేది మేస్త్రినే. కద్మాలో మేస్త్రి తలుపు కేసి ఒకసారి, గోడ కేసి ఒకసారి చూసి చెప్పే మొదటి మాట కూడా ఒకటే: "హో జాయేగా." అయిపోతుంది. ఏది అవుతుందో, ఏది కూలుతుందో తేల్చుకోవలసింది ఆ మాట తర్వాతే.

ముందు టేపు పెట్టి కొలవాలి. మేస్త్రి రెండున్నర అడుగుల తలుపు అన్నాడంటే అది ద్వారబంధం బయటి కొలత, 30 అంగుళాలు. రెండు పక్కలా నిలువు చెక్కలు రెండున్నర అంగుళాల చొప్పున తినేస్తే 25 మిగులుతుంది. తెరిచి ఉంచిన రెక్క మందం మరో అంగుళంన్నర. మనిషికి నికరంగా దక్కేది 23న్నర అంగుళాలు, అంటే దగ్గర దగ్గర 600 మిల్లీమీటర్లు. మూడడుగుల తలుపైనా ఇదే లెక్కన 29న్నర దగ్గర ఆగుతుంది. పెద్దవాళ్ళు కూర్చునే మామూలు చక్రాల కుర్చీ 25 నుంచి 27 అంగుళాలు ఉంటుంది. చక్రం తిప్పుకునే చేతివేళ్ళకి అటూ ఇటూ కాస్త చోటు కావాలి. వికలాంగులకి అనువైన భవనాల కోసం కేంద్ర ప్రభుత్వం 2016లోనూ మళ్ళీ 2021లోనూ ఇచ్చిన మార్గదర్శకాలు తలుపు తెరిచాక 900 మిల్లీమీటర్ల దారి ఉండాలంటాయి. ఎవరి పడగ్గదికీ వచ్చి ఎవరూ కొలవరు గానీ, ఆ అంకె గుర్తుంచుకోదగ్గది: 35న్నర అంగుళాలు. ఇరుకు వసారాలోంచి తొంభై డిగ్రీలు తిరిగి లోపలికి వెళ్ళాల్సిన తలుపైతే అది కూడా చాలదు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఈ ఊరు పుట్టకముందే దీని వెడల్పు గురించి రాసిపెట్టినాయన ఒకరున్నారు. 1902లో జంషెడ్జీ టాటా విదేశం నుంచి కొడుకు దొరాబ్జీకి రాసిన ఉత్తరంలో, ఉక్కు కర్మాగారం పక్కన కట్టబోయే ఊరికి వీధులు విశాలంగా ఉండాలని, నీడనిచ్చే చెట్లు నాటాలని, తోటలకీ ఆటస్థలాలకీ గుళ్ళకీ మసీదులకీ చర్చిలకీ చోటు వదలాలని కోరారు. అప్పటికి స్థలమే తేలలేదు. 1904లో ఆయన పోయారు. 1907లో కంపెనీ పుట్టింది, సాక్చీ అనే పల్లె దగ్గర పని మొదలైంది, 1912లో మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. మొదటి నక్షా పిట్స్‌బర్గ్‌కి చెందిన జూలియన్ కెనడీ కంపెనీ గీసింది. తర్వాత ఎఫ్. సి. టెంపుల్, 1936లో మేజర్ స్టోక్స్, 1944-45లో ఓటో కోనిగ్స్‌బర్గర్ వరసగా ఊరిని మళ్ళీ మళ్ళీ గీశారు. వీధుల వెడల్పు మీద ఇంతమంది బుర్ర పెట్టారు. పడగ్గది తలుపు వెడల్పు మాత్రం వడ్రంగికి వదిలేసినట్టుంది.

ఆ వీధుల్లోకి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి, గంజాం నుంచి తెలుగువాళ్ళు పనికోసం వచ్చారు. ఊళ్ళో వాళ్ళు "ఫలానావాడు టాటా వెళ్ళిపోయాడు" అంటే అదొక కంపెనీ పేరో, ఊరి పేరో, రైలు స్టేషనో ఎవరూ విడదీసి అడిగేవారు కాదు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం, కద్మాలో గణేశ్ పూజా మైదానం ఆ వలసకి ఈనాటికీ కనబడే గుర్తులు. వచ్చినవాళ్ళు తమతో పాటు ఇంటి గురించి ఒక ఊహ కూడా తెచ్చుకున్నారు. ఉత్తరాంధ్ర ఇంట్లో, అది చుట్టిల్లు కానీ మండువా లోగిలి కానీ, గది తలుపు చిన్నదిగానే ఉండేది, తల వంచి దాటాల్సి వచ్చేది. ఇబ్బంది అనిపించేది కాదు, ఎందుకంటే పగలంతా బతుకు అరుగు మీదో మండువా చుట్టో గడిచేది. గది అంటే సామాను పెట్టుకునే చోటు, పురుటికి పడుకునే చోటు. కంపెనీ క్వార్టరులో మండువా లేదు. గదిలోంచి గదిలోకి తలుపు ఒక్కటే ఉంది. మండువా చేసిన పనంతా ఆ తలుపు మీద పడింది.

తలుపుకీ చరిత్ర ఉందని చెప్పిన ఆయన ఆర్కిటెక్చరు చరిత్రకారుడు రాబిన్ ఎవాన్స్. 1978లో రాసిన వ్యాసంలో ఆయన ఒక సంగతి గమనించారు. పదహారో శతాబ్దపు ఇటలీ భవనాల్లో ఒక్కో గదికి మూడు నాలుగు తలుపులుండేవి, ఎక్కువ తలుపులుంటే మంచి గది అనుకునేవారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడవడమే దారి. తర్వాత ఇంగ్లండులో నడవా వచ్చింది, గదికి ఒకే తలుపు మిగిలింది, మనిషి ఏకాంతం గోడల మధ్య కుదిరింది. మన పాత క్వార్టర్లలోని ఇరుకు నడవా ఆ ఇంగ్లీషు ఆలోచనకి దూరపు చుట్టం. కద్మాలో ఇప్పుడు గోడ పగలగొట్టి హాలూ వంటిల్లూ కలిపేద్దామంటున్నవాళ్ళు తెలియకుండానే ఇటలీ వైపు నడుస్తున్నారు.

సరే, సుత్తి తీసేముందు చేయదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. ఖర్చు తక్కువ, దుమ్ము అసలే లేదు. తలుపు రెక్క అవసరమా అని అడగాలి. హాలుకీ భోజనాల గదికీ మధ్య రెక్క ఏళ్ళ తరబడి గోడకి ఆనించే ఉంటుంది, దాని వెనక చీపురూ గొడుగూ తప్ప ఏమీ ఉండవు. ఆ రెక్క తీసేస్తే అంగుళంన్నర లాభం. గది తలుపు తప్పనిసరైతే, రెక్క తెరిచినప్పుడు దారిలోంచి పూర్తిగా పక్కకి తప్పుకునే రకం మడతబందులు దొరుకుతాయి. మూడడుగుల ద్వారబంధానికి వాకరు సంగతి దీంతోనే తేలిపోవచ్చు. రెండు రెక్కల పాత తలుపైతే, ఒక రెక్కకి పై గడియ ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుని ఉంటుంది. దానికి నూనె వేసి రెండూ తెరవడం కూడా వెడల్పు చేయడమే. రెండున్నర అడుగుల దానికి మాత్రం ఈ చిట్కాలు చాలవు. గోడ దగ్గరికి వెళ్ళక తప్పదు.

ఇక్కడే అసలు ప్రశ్న. ఎంత వెడల్పు కావాలన్నది కాదు, ఆ గోడ ఏం మోస్తోందన్నది. నాలుగున్నర అంగుళాల మందమైన గోడ చాలావరకు గది విడదీయడానికి కట్టిన అడ్డుగోడ. తొమ్మిది అంగుళాల గోడ చాలావరకు కప్పు మోసే గోడ. "చాలావరకు" అన్న మాట రెండుచోట్లా బరువైనదే. తర్వాతెప్పుడో మేడ వేసినప్పుడు అడ్డుగోడ మీదే పైగది గోడ లేపిన ఇళ్ళున్నాయి. వేలితో కొట్టి చప్పుడు విని చెప్పేవాళ్ళని నమ్మకూడదు. చూడవలసినవి వేరే: పైన మేడ మీద అదే వరసలో గోడ ఉందా, కప్పు దూలాలు ఈ గోడ మీదకి దిగుతున్నాయా, దానికి సమాంతరంగా పోతున్నాయా, ఇనప గర్డర్ల మధ్య ఇటుక కమానులు పోసిన పాతకాలపు కప్పా, కాంక్రీటు స్లాబా. కమాను కప్పు కిందే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాలి. అందులో ఒక గర్డరు ఆనిన చోట గోడ కదిలితే దానికి అటూ ఇటూ ఉన్న కమానులు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. స్తంభాలూ బీములూ ఉన్న కొత్త అపార్టుమెంట్లలో గోడ సాధారణంగా తన బరువు తప్ప మరేదీ మోయదు. అక్కడ భయం గోడతో కాదు, గోడ అనుకుని స్తంభం చెక్కేసే కట్టర్‌తో.

గోడకి ఒక మంచి గుణం ఉంది. ఇటుకలు ఒకదాని మీద ఒకటి అతుకు తప్పించి పేర్చి ఉంటాయి గనక, తలుపు పైన ఉన్న గోడంతా తలుపు మీద పడదు. రెండు పక్కల నుంచి మెట్లుమెట్లుగా ముందుకి వంగి ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కింద రాలడానికి మిగిలేది మధ్యలోని ఒక త్రికోణం మాత్రమే. 1945లో ఇంగ్లండు నుంచి మన దేశం వచ్చి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన ఆర్కిటెక్టు లారీ బేకర్ ఈ ఒక్క సంగతి పట్టుకుని బోలెడు సిమెంటూ ఇనుమూ ఆదా చేశారు. త్రికోణం బరువే మోయాల్సినప్పుడు ప్రతి కిటికీ మీదా కాంక్రీటు లింటెల్ దేనికి, ఇటుకలనే మెట్లుగా ముందుకి జరిపి కమాను చేస్తే పోలేదా అన్నది ఆయన వాదం. తలుపుకి ద్వారబంధం కూడా అనవసర ఖర్చే అనేవారు.

ఆ త్రికోణాన్నే కాస్త లెక్క కట్టి చూద్దాం. తొమ్మిది అంగుళాల గోడలో రెండున్నర అడుగుల తలుపు పైన ఉండే త్రికోణం సుమారు 110 కిలోలు. తలుపుని ఐదడుగులు చేస్తే? రెట్టింపు కాదు. త్రికోణం వెడల్పూ పెరిగింది, ఎత్తూ పెరిగింది, బరువు నాలుగింతలై 440 కిలోలు. దాన్ని మోసే దూలం పొడవూ రెట్టింపైంది గనక, దూలాన్ని వంచే బలం ఎనిమిదింతలు. అంతటితో ఆగదు. గది ఎత్తు పదడుగులు, తలుపు ఎత్తు ఏడడుగులు అనుకుంటే పైన మిగిలిన గోడ మూడే అడుగులు. రెండున్నర అడుగుల తలుపు త్రికోణం ఎత్తు రెండడుగుల చిల్లర, ఆ గోడలో హాయిగా ఇముడుతుంది. ఐదడుగుల దానికి నాలుగడుగుల మీద ఎత్తు కావాలి. గోడలో చోటు లేదు, త్రికోణం కప్పులోకి పొడుచుకుపోతుంది. అంటే స్లాబు బరువు నేరుగా దూలం మీదకి వస్తుంది. మూడున్నర అడుగుల దగ్గర త్రికోణం అంచనాగా ఆ మూడడుగుల గోడకి సరిపోతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, ఇంజనీరు సంతకానికి బదులు కాదు. అయినా మూడున్నర అన్న అంకె మీద మొగ్గు చూపడానికి ఇదొక కారణం. రెండో కారణం ఇంకా సులువు. ద్వారబంధం లేకుండా అంచులు పూత పూసి వదిలేస్తే మూడున్నర అడుగులంటే పూర్తిగా 42 అంగుళాలు. చక్రాల కుర్చీకి 35న్నర చాలు.

వెడల్పు చేయడమంటే పాత లింటెల్‌ని సాగదీయడం కాదు. అది రెండు పక్కలా గోడ మీద కూర్చుని ఉంటుంది. గోడ కోస్తే దాని కాళ్ళ కింద నేల పోయినట్టే. కొత్త దూలం కావాలి. అది తలుపు కంటే రెండు చివరలా కనీసం 6 అంగుళాల చొప్పున ఎక్కువ పొడవుండి గోడ మీద ఆనాలి, 8 అయితే మేలు. మూడున్నర అడుగుల దారికి దాదాపు ఐదడుగుల దూలం. కొన్ని ఇళ్ళలో తలుపుల మీదా కిటికీల మీదా ఒకే కాంక్రీటు పట్టీ గోడ చుట్టూ తిరిగి ఉంటుంది. అది కనబడితే "పైన కాంక్రీటు ఉందిగా, కింద ఎంతైనా కోసెయ్" అంటారు. ఆ పట్టీలో చువ్వలు రెండున్నర అడుగుల కోసం పెట్టినవి. మూడున్నరకి పనికొస్తాయో లేదో చూడకుండా చెప్పలేం.

కద్మాలో దూలం కోసం వెతుక్కోనక్కర్లేదు. ఈ ఊరి ఉక్కే హౌరా వంతెనకి వెళ్ళింది. 1943లో తెరిచిన ఆ వంతెనలో వాడిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు టాటాలవే. ఖర్కాయ్ నది దాటితే ఆదిత్యపూర్, అక్కడ అడిగిన పొడవుకి ఇనుము కోసిచ్చే షెడ్లు. తొమ్మిది అంగుళాల గోడలో నాలుగంగుళాల ఉక్కు దూలాలు, అంటే జాయిస్టులు, రెండు పక్కపక్కన పడతాయి. ఐదడుగుల ముక్క ఒక్కోటి 18 కిలోలు దాటదు, ఒక మనిషి భుజాన వేసుకుని రెండో అంతస్తుకి ఎక్కించగలడు. అదే కొలతకి ఆరంగుళాల ఎత్తున కాంక్రీటు లింటెల్ పోస్తే 130 కిలోల దాకా తూగుతుంది. పెరట్లో పోసి, తడిపి, ఎండనిచ్చి, నలుగురు పట్టి ఎత్తాలి. గోడలోనే పోస్తే, 6 మీటర్ల లోపు బీముల కింద ఆనింపులు 14 రోజులు తీయకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఇంటిమధ్య రెండు వారాలు కర్రల అడవి. జాయిస్టే నయం అనిపించేది అందుకే.

పని వరస ఇలా నడిస్తే గోడకి నొప్పి తెలియదు. ముందు రెండు వైపులా గోడకి రెండడుగుల ఎడంగా జాకీలు నిలబెడతారు, కప్పు కింద బల్ల పెట్టి బిగిస్తారు. కప్పుని ఎత్తడానికి కాదు, అది తెలుసుకునేలోపు పట్టుకోవడానికి. కింద జాకీ కాళ్ళకీ బల్లలు పడాలి, లేకపోతే మొజాయిక్ గచ్చు చిట్లుతుంది. తర్వాత కొత్త దూలం కూర్చునే ఎత్తులో గోడకి ఒకవైపు మాత్రమే, సగం మందం లోతుకి, గాడి కోస్తారు. మొదటి జాయిస్టు అందులోకి తోసి, పైన ఇటుకకీ దానికీ మధ్య ఖాళీలో ఇనప పలకలు బిగించి, పొడిగా కలిపిన సిమెంటు దట్టించి కూరుతారు. అది గట్టిపడేదాకా ఆగాలి. ఆగరు. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మధ్యాహ్నానికే రెండోవైపు గాడి మొదలెడితే, గోడ కాసేపు ఏ దూలమూ మోయకుండా గాల్లో ఉంటుంది, పై మూలల్లో వెంట్రుకవాసి పగులు అప్పుడే పుడుతుంది. ఒకటి రెండు రోజులాగి రెండో జాయిస్టు పెట్టి, రెండింటినీ బోల్టులతో కలిపాకే కింద పాత గోడ ఊడదీయాలి. అదీ పైనుంచి కిందికి, ఒక్కో వరసా.

పాత గోడ సున్నం సుర్కీతో కట్టిందైతే ఉలి పెట్టగానే ఇటుక నిండు ఇటుకగా ఊడొస్తుంది, గీకి మళ్ళీ వాడుకోవచ్చు. సిమెంటు గోడైతే ఇటుక విరుగుతుంది తప్ప అతుకు వదలదు. ఎలా ఊడినా రెండు అంచులూ పళ్ళూడిన దవడల్లా మిగులుతాయి. వాటి మీద నేరుగా పూత పూసేయడం మేస్త్రికి తేలిక, చూపుకి తేడా తెలియదు. కానీ దూలం చివర ఆనేది ఆ అంచు మీదే. సగం ఇటుకలు తీసి, నిండు ఇటుకలు పాత వరసల్లోకి దూర్చి, తూకం గుండు వేలాడదీసి నిలువు చూసుకుని కట్టాలి. మూల నుంచి తలుపు దాకా మిగిలే గోడ ముక్క కూడా మరీ సన్నబడకూడదు. భూకంపాల దృష్టితో రాసిన ఐఎస్ 4326 అయితే, తాకిడి ఎక్కువున్న చోట్ల ఒకే అంతస్తు ఇంట్లో కూడా గోడ పొడవులో తలుపులూ కిటికీలూ కలిపి సగం దాటకూడదంటుంది. పదడుగుల గోడలో ఇప్పటికే ఒక కిటికీ ఉంటే లెక్క ఇట్టే తేలిపోతుంది.

క్వార్టరులో ఉంటున్నవాళ్ళకి ఈ ప్రసంగంలో సగమే పనికొస్తుంది. అక్కడి గోడ కంపెనీది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఇల్లు, రాతపూర్వకంగా అనుమతి లేకుండా గోడ ముట్టుకోకూడదు. లీజు స్థలంలో సొంతిల్లున్నవాళ్ళు లీజు షరతులు చూసుకోవాలి, మునిసిపాలిటీ పని చూసే నోటిఫైడ్ ఏరియా కమిటీని అడగాలి. అపార్టుమెంటులో పై ఇంటివాళ్ళకి ముందే చెప్పడం మర్యాదే కాదు, రేపు వాళ్ళ గోడ మీద పాత పగులు కూడా మీ ఖాతాలో పడకుండా ఉంటుంది. పని మొదలెట్టే ముందు రోజు ఆ గోడలన్నీ ఫోనులో ఫోటో తీసి ఉంచుకునే తెలివైనవాళ్ళున్నారు.

గాలి సంగతికొస్తే, ఇందాకటి కోనిగ్స్‌బర్గర్ దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి. బెర్లిన్‌లో పుట్టి, హిట్లర్ జర్మనీ వదిలి, 1939లో మైసూరు సంస్థానానికి వచ్చిన ఆర్కిటెక్టు ఆయన. జంషెడ్‌పూర్ తర్వాత 1948లో భువనేశ్వర్‌కీ నక్షా గీశారు. తరవాత సహచరులతో కలిసి ఉష్ణదేశాల ఇళ్ళ మీద రాసిన పుస్తకం ఆర్కిటెక్చరు విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. అందులో పదేపదే వచ్చే విషయం, గాలి లోపలికి రావడానికి ఒక కిటికీ ఉంటే చాలదు, బయటికి పోవడానికి దారి ఉండాలి, మధ్యలో అడ్డుగోడలు దాని వేగాన్ని చంపేస్తాయి. కద్మాలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రం ఖర్కాయ్ వైపు నుంచి కాస్త గాలి వస్తే అది హాలు కిటికీలో దూరి, రెండున్నర అడుగుల తలుపు దగ్గర పీల్చుకుపోయి, వంటింటి కిటికీ చేరేసరికి ఊపిరంత మిగులుతుంది. మూడున్నర అడుగులు చేస్తే దారి నికరంగా 23న్నర నుంచి 42 అంగుళాలవుతుంది. తేడా వంటింట్లో పనిచేసే మనిషికి తెలుస్తుంది.

దానికి వెల కూడా ఉంది. గాలి వచ్చిన దారినే పోపు ఘాటు హాల్లోకి వస్తుంది. ఏసీ చల్లదనం పోతుంది. ఇంకొకటి ఈ ఊరికే ప్రత్యేకం. 1912లోనే ఎనిమిది గంటల పని తెచ్చిన కంపెనీ ఇది. ఎనిమిది గంటలు అంటే మూడు షిఫ్టులు, మూడు షిఫ్టులంటే రాత్రి పనిచేసి పగలు పడుకునేవాళ్ళు. మూసిన తలుపు వెనక, కర్టెను దించిన గదిలో, పిల్లల్ని "ష్, నాన్న పడుకున్నారు" అని ఆపుతూ మూడు తరాలు పెరిగాయి. ఇంట్లో ఇంకా సీ షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, మనిషి ఉంటే పడగ్గది తలుపు మాత్రం రెక్కతోనే వెడల్పు చేయించాలి. గోడ మొత్తం తీసేసి "ఓపెన్ హాల్" చేద్దామనేవాళ్ళ మాట ఆ మనిషి పదవీ విరమణ దాకా వాయిదా వేయడం మంచిది.

గడప సంగతి వేరు. వాకరు రబ్బరు కాళ్ళకి అరంగుళం గడప కూడా అడ్డే, చక్రాల కుర్చీ ముందు చక్రానికి ఇంకా అడ్డు. కానీ శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టిన గడపని పెకలించమంటే వాకరు పట్టుకున్న అత్తగారే మొదట ఒప్పుకోదు. సింహద్వారం గడప, దేవుడి గది గడప అలాగే ఉంచి, పడగ్గది గడప ఒక్కటీ తీయిద్దామనే రాజీ చాలా ఇళ్ళలో కుదురుతుంది. తర్వాత వాస్తు. ఇంట్లో ద్వారాలు సరిసంఖ్యలో ఉండాలన్న నమ్మకం ఉన్న ఇంట్లో, రెక్కా ద్వారబంధమూ లేని దారి ద్వారం కింద లెక్కకి వస్తుందా రాదా అన్న చర్చ ఒక సాయంత్రం తినేస్తుంది. సిద్ధాంతిగారు తేల్చేలోపు మేస్త్రి ఇంకో ఇంటికి వెళ్ళిపోతాడు.

తీసేసిన గడప కింద ఏముంటుంది? గోడ. గోడ నేలలోకి దిగి ఉంటుంది గనక, వెడల్పు చేసిన చోటంతా గచ్చు లేని తొమ్మిది అంగుళాల పట్టీ మిగులుతుంది. ఇటువైపు ఎర్ర సిమెంటు గచ్చు, అటువైపు మొజాయిక్, మధ్యలో కడపరాయి పలక ఒకటి వేసి, రెండు ఎత్తులకీ మధ్య వాలు సరిచేస్తారు. రసమట్టం పెట్టి చూస్తే రెండు గదులూ ఒకే ఎత్తులో ఉండటం పాత ఇళ్ళలో అరుదు.

దుమ్ము గురించి ఒక్కమాట. కోసేచోట నీళ్ళు చల్లుతూ, మిగతా గదుల తలుపులకి తడిగుడ్డ వేలాడదీస్తే సగం ఆపవచ్చు. ద్వారబంధం మీది పాత రంగు మాత్రం పొడిగా గీకకూడదు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పొరలమీద పొరలు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండవచ్చు, చిన్నపిల్లలు, ముసలివాళ్ళు ఉన్న ఇంట్లో ఆ పొడి లేవకుండా చూసుకోవాలి.

ఊడిన ద్వారబంధం చాలా ఇళ్ళలో సాల్ కలపది. తెలుగులో గుగ్గిలం చెట్టు అంటాం, జార్ఖండ్ రాష్ట్రవృక్షం ఇదే. ఇనప పట్టీలు గోడలోంచి వదిలాక అటూ ఇటూ ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. చెదలు పట్టదు, మేకు కూడా తేలిగ్గా దిగదు. అడుగున గోడలో ఉన్న భాగం నల్లగా, పైన రంగు పొరల కింద చెక్క ఇంకా ఎర్రగా ఉంటుంది. కొందరు మేడ మీది గదికి వాడుకుంటారు, కొందరు పాత కలప కొనేవాడికి ఇచ్చేస్తారు.

ఇక మిగిలింది స్విచ్చుబోర్డు. మేస్త్రి మొదటి రోజే దాన్ని చూపించి ఉండాలి, ఎందుకంటే పాత ఇళ్ళలో అది ఎప్పుడూ తలుపు పక్కనే, సరిగ్గా కోయాల్సిన గోడలోనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి, మెయిన్ ఆపి, వైర్లు లాగి, అడుగున్నర అవతల కొత్త పెట్టె బిగిస్తాడు. పనంతా అయ్యాక కూడా కొన్ని వారాల పాటు ఆ ఇంట్లోవాళ్ళు రాత్రి లేచి, చీకట్లో నడిచి, పాత స్విచ్చున్న చోటికే చేయి చాపుతారు. అక్కడ గోడ ఉండదు. అందుకే వాకరుతో నడిచేవాళ్ళున్న ఇంట్లో ఎలక్ట్రీషియన్‌తో ముందే చెప్పి, మెట్ల దగ్గర వేసినట్టు రెండువైపులా పనిచేసే స్విచ్చు ఒకటి మంచం పక్కన కూడా పెట్టించుకుంటారు.